రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకే ప్యాడ్: ఒక పోలో జీటీ బ్రేకుల కేసు

బండి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్, 105 పీఎస్, ఏడు గేర్ల డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్). ముందు 256 మి.మీ. వెంటిలేటెడ్ డిస్కులు, వెనక డ్రమ్ములు. ఇంజిన్ కంపెనీ ఇచ్చినట్టే ఉంది, రీమ్యాప్ (శక్తి పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) లేదు. హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకు తిరుగుతుంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు చెన్నై అవతల, శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న 3.7 కి.మీ. ట్రాక్‌కు వెళుతుంది. ట్రైలర్ మీద కాదు, నడుపుకుంటూనే. పోను 600 కి.మీ. పైనే, రాను అంతే, అవే బ్రేక్ ప్యాడ్లతో (డిస్కును రెండు వైపులా నొక్కి బండిని ఆపే పలకలు). ప్యాడ్ ఎంపికలో చివరికి అన్నిటికన్నా బరువు తూగింది ఈ సంగతే.

ఫిర్యాదు

మొదటి ట్రాక్ డే (సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు) అయిన వారానికి బండి షెడ్డుకొచ్చింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన రేస్ ప్యాడ్ల డబ్బా వెనక సీట్లో ఉంది.

"అన్నా, ట్రాక్‌ల బ్రేక్ ఫెయిలైంది. ప్యాడ్లు తెచ్చిన, ఇవి వేసెయ్యండ్రి."

"వేద్దాం గానీ, పెడల్ లోపలికి పోయిందా? గట్టిగనే ఉండి బండి ఆగలేదా?"

ఈ రెండూ వేర్వేరు జబ్బులు. పెడల్ రాయిలా ఉండి, ఎంత తొక్కినా బండి ఆగకపోతే ప్యాడ్ వేడికి పట్టు వదిలేసిందని. పెడల్ మెత్తబడి నేలకి దిగిపోతే క్యాలిపర్లో (పిస్టన్‌తో ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) బ్రేక్ ఆయిల్ మరిగిందని. ద్రవం నొక్కితే కుంచించుకోదు, ఆవిరి కుంచించుకుంటుంది, కాలి బలమంతా బుడగలను నొక్కడానికే పోతుంది. మొదటిదానికి మందు ప్యాడ్, రెండోదానికి ఆయిల్. మూడో రకం కూడా ఒకటుంది. కొత్త ప్యాడ్‌లోని రెజిన్ (మెటీరియల్‌ను కలిపి పట్టి ఉంచే జిగురు) మొదటిసారి కాలినప్పుడు వదిలే వాయువులు ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య పొరలా నిలబడతాయి. గ్రీన్ ఫేడ్ అంటారు దీన్ని. ఈ బండి ప్యాడ్లు 20 వేల కి.మీ. పైనే తిరిగాయి కాబట్టి ఆ అనుమానం లేదు.

జవాబు ఏమిటంటే, రెండూ జరిగాయి. రెండో సెషన్లో పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగక జారుకుంటూ పోయింది. మూడో సెషన్ నాలుగో ల్యాప్‌లో పెడల్ నేలకి దిగింది, బండి గడ్డిలోకి పోయి ఆగింది. పది నిమిషాలు చల్లారాక పెడల్ మళ్లీ పైకొచ్చింది. వరుస చూస్తే విషయం తెలిసిపోతుంది. ముందు ప్యాడ్ పట్టు తగ్గింది. డ్రైవర్ ఇంకా ముందు నుంచీ, ఇంకా ఎక్కువసేపూ తొక్కాడు. ఆ వేడి ప్యాడ్ వెనకుండే ఇనప రేకు, అంటే బ్యాక్ ప్లేట్ నుంచి పిస్టన్‌లోకి, పిస్టన్ నుంచి ఆయిల్‌లోకి ఎక్కింది.

విప్పితే కనబడినవి

ప్యాడ్ల ముఖం అద్దంలా మెరుస్తోంది. అంచులు బూడిద రంగుకు తిరిగి, గోటితో గీకితే రాలుతున్నాయి, అంటే రెజిన్ కాలిపోయింది. ఎడమ లోపలి ప్యాడ్ మెటీరియల్ ఒక అంచున 6.1 మి.మీ., రెండో అంచున 4.4. ఏటవాలుగా అరిగింది. ఈ బండి క్యాలిపర్ రెండు గైడ్ పిన్నుల మీద, రబ్బరు బుష్‌లలో జారుతుంది. కింది పిన్ను బిగుసుకుపోయి ఉంది, పై బుష్ వదులైంది. అందుకని తొక్కినప్పుడల్లా క్యాలిపర్ కొద్దిగా వంకరగా తిరిగి ప్యాడ్ ఒక మూలనే నొక్కుతోంది. ఇలాంటి క్యాలిపర్లో ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా సగం ముఖమే పని చేస్తుంది.

డిస్క్ మందం 20.7 మి.మీ. కొత్తది 22, కనీసం 19. ముఖం మీద నీలం మచ్చలు. బ్రేక్ ఆయిల్ డికాషన్ రంగులో ఉంది, మూడేళ్లుగా మార్చలేదు. వేడి చేసి మరిగే బిందువు చూపించే టెస్టర్‌తో పరీక్షిస్తే 163 డిగ్రీలు. పెన్నులా ఉండి లైట్లు వెలిగే చవక టెస్టర్లు విద్యుత్ వాహకతను బట్టి ఊహ మాత్రమే చెబుతాయి, వాటిని నమ్మి ట్రాక్‌కు పోకూడదు. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక కనీసం 155. ఇది ఆ చివరి మెట్టు దగ్గరికి వచ్చేసింది. వెనక లైనర్లు, అడ్జస్టర్లు బాగున్నాయి, వాటి జోలికి పోలేదు.

కంపెనీ ప్యాడ్‌ను ఇందులో తప్పుపట్టడానికేం లేదు. అది ఏ పనికి తయారైందో ఆ పని ఏళ్ల తరబడి సరిగ్గానే చేసింది.

వేడి ఎంత?

డ్రైవర్‌తో కలిపి బండి బరువు సుమారు 1,200 కిలోలు. ఊళ్లో గంటకు 60 కి.మీ. వేగం నుంచి పూర్తిగా ఆగితే పోగొట్టాల్సిన శక్తి సుమారు 167 కిలోజౌళ్లు. ట్రాక్‌లో 150 నుంచి 80కి తగ్గడానికి 745 కిలోజౌళ్లు. బండి ఇంకా ఆగను కూడా లేదు, నాలుగున్నర రెట్లయింది. ముందు బ్రేకుల వాటా నాలుగింట మూడు వంతులనుకుంటే ఒక్కో డిస్క్ మీద దాదాపు 280 కిలోజౌళ్లు పడతాయి. రాపిడి పడే రింగు బరువు 4 కిలోలనీ, పోత ఇనుము కిలోకి ఒక డిగ్రీకి అర కిలోజౌల్ తాగుతుందనీ లెక్కేస్తే, ఒక్క బ్రేకింగ్‌కి డిస్క్ 140 డిగ్రీలు వేడెక్కుతుంది. ఊళ్లో సిగ్నల్ దగ్గర అది 30 డిగ్రీలు. గాలి నిరోధం, టైర్ల రాపిడి తీసేసి వేసిన మోటు లెక్కే ఇది, కానీ తేడా ఎక్కడుందో చూపిస్తుంది. ఊళ్లో రెండు సిగ్నళ్ల మధ్య డిస్క్ చల్లారుతుంది. ట్రాక్‌లో చల్లారేలోపే తర్వాతి మలుపు వస్తుంది.

లెక్క మీద ఆధారపడి ప్యాడ్ కొనలేదు, కొలిచాం. ముందుగా మార్చినవి మూడే: కొత్త గైడ్ పిన్నులతో పాటు రబ్బరుకు బదులు కంచు బుష్‌లు, కొత్త ఆయిల్, కొత్త కంపెనీ రకం ప్యాడ్లు. ఆయిల్‌గా మోతుల్ ఆర్‌బీఎఫ్ 600 వాడాం. కొత్తగా ఉన్నప్పుడు అది మరిగేది 312 డిగ్రీల దగ్గర. అర లీటరు సీసాలు రెండు పట్టాయి. డిస్క్ బయటి అంచు మీద వేడికి రంగు మారే పెయింట్ మూడు చుక్కలు పెట్టాం. ఆకుపచ్చది 430 డిగ్రీల దగ్గర, నారింజ రంగుది 560 దగ్గర, ఎర్రది 610 దగ్గర మారుతుంది. డిస్క్ అంచును ఎమెరీతో గీకి, బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, చిన్న కుంచెతో పలచగా పూయాలి. మందంగా పూస్తే మొదటి ల్యాప్‌కే పెచ్చులూడుతుంది.

ఆ ట్రాక్ డేలో పెడల్ ఒక్కసారి కూడా కిందికి దిగలేదు. కానీ ప్రతి సెషన్లో మూడో ల్యాప్‌కల్లా పట్టు తగ్గింది. బండి తిరిగొచ్చాక చూస్తే రెండు డిస్కుల మీదా ఆకుపచ్చ తెల్లబడింది, నారింజ పసుపుకు తిరిగింది, ఎరుపు ఎరుపుగానే ఉంది. అంటే డిస్క్ 560 దాటింది, 610 చేరలేదు. తొక్కిన క్షణంలో ప్యాడ్ ముఖం దీనికంటే ఇంకా పైకి పోతుంది. ఎంపికకు కావాల్సిన అంకె దొరికింది.

ఏ ప్యాడ్?

యజమాని వాదన ఒకటుంది. పాత ప్యాడ్ అంచు మీద ఎఫ్‌ఎఫ్ అని ఉంది, తను తెచ్చిన వాటి మీద జీజీ అని ఉంది, జీజీ మెరుగు కదా? ఈ అక్షరాలను చాలామంది గ్రేడుల్లా చదువుతారు. ఎఫ్ అంటే రాపిడి గుణకం (ప్యాడ్ డిస్కును ఎంత గట్టిగా పడుతుందో చెప్పే అంకె) 0.35 నుంచి 0.45 మధ్య, జీ అంటే 0.45 నుంచి 0.55 మధ్య. మొదటి అక్షరం మామూలు వేడికి, రెండోది ఎక్కువ వేడికి. అయితే ఆ ఎక్కువ వేడి పరీక్ష 340 డిగ్రీల చుట్టుపక్కలే ఆగిపోతుంది. మన డిస్క్ 560 దాటింది. అక్కడ ఏం జరుగుతుందో ఆ రెండక్షరాలు ఒక్క ముక్క కూడా చెప్పవు. దానికి వేడి పెరిగే కొద్దీ రాపిడి ఎలా మారుతుందో చూపిస్తూ తయారీదారు ఇచ్చే గీత చూడాలి. ఆ గీతలో శిఖరం ఎంత ఎత్తుందన్నది కాదు, ఎంత దూరం సమంగా పోతుందన్నది ముఖ్యం. 0.55 దగ్గర మొదలై 500 డిగ్రీలకు 0.3కి పడిపోయే ప్యాడ్ కన్నా, మొదటి నుంచి చివరి దాకా 0.42 దగ్గర నిలబడేది మేలు. మొదటి రకంలో డ్రైవర్ ప్రతి ల్యాప్‌కీ తన బ్రేకింగ్ పాయింట్ మార్చుకుంటూ పోవాలి.

ముందున్న దారులు మూడు.

వేగంగా నడిపే రోడ్డు బండ్లకోసం చేసిన స్పోర్ట్ ప్యాడ్ ఒకటి. చల్లగా ఉన్నప్పుడు చక్కగా పడుతుంది, చప్పుడు తక్కువ, డిస్కును తినదు. 450 దాటాక సడలిపోతుంది. ఈ బండికి కొలత వచ్చిన రోజే ఇది లిస్టులోంచి పోయింది. మలుపులు తక్కువున్న ట్రాకులో, లేదా రెండు ల్యాపులు గట్టిగా తిరిగి ఒక ల్యాప్ చల్లార్చుకునే ఓపిక ఉన్నవాళ్లకు ఇది చాలు. నిజానికి ట్రాక్‌కు కొత్తగా వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది ఇదీ, కొత్త ఆయిలూను.

రెండోది యజమాని తెచ్చిన రేస్ ప్యాడ్. 800 డిగ్రీల దాకా నిలబడుతుంది, సరిగ్గా పట్టాలంటే మాత్రం 200 డిగ్రీలు కావాలి. దీని సంగతి ట్రాక్‌లో కాదు, మిర్యాలగూడ దాటి అద్దంకి వైపు పోయే రోడ్డు మీద ఆలోచించాలి. తెల్లవారుజామున 100 దగ్గర అరగంటసేపు బ్రేక్ తొక్కకుండా పోతే డిస్క్ చేత్తో తాకగలిగినంత చల్లబడుతుంది. అప్పుడు పొలం గట్టు మీంచి గేదెల మంద రోడ్డెక్కింది. ఆ ఒక్క తొక్కుడుకి ప్యాడ్ వేడెక్కేదాకా గేదెలు ఆగవు. వాన పడుతుంటే ఇంకా ఘోరం. పైగా చల్లగా ఉన్నప్పుడు ఇలాంటి ప్యాడ్ డిస్క్ మీద పొర వేయదు, దాన్ని గరుకు కాగితంలా గీకుతుంది, నాలుగు నెలల ఆఫీసు తిరుగుడుకే డిస్క్ అరిగిపోతుంది. ట్రైలర్ మీద వెళ్లే బండికి సరిపోయే ప్యాడ్ ఇది.

మూడోది ట్రాక్ డే తరగతి. ఫెరోడో డీఎస్2500, ఈబీసీ బ్లూస్టఫ్, హాక్ హెచ్‌పీ ప్లస్ లాంటివి ఈ వరుసలోకి వస్తాయి. ప్రతి క్యాలిపర్‌కూ ప్రతిదీ దొరకదు. బండి పేరుతో వెతికి కొనకుండా, పాత ప్యాడ్ విప్పి దాని ఆకారం, చెవుల కొలత, మందం సరిచూసుకున్నాకే డబ్బు కట్టాలి. ఈ తరగతిలో ఈ క్యాలిపర్‌కు సరిపోయిన ఒక సెట్ తీసుకున్నాం. చల్లగా ఉన్నప్పుడు కంపెనీ ప్యాడ్ కంటే రవ్వంత తక్కువ పడుతుంది, 600 పై దాకా సమంగా పోతుంది.

అసలు రెండు సెట్లు పెట్టుకుని ట్రాక్ దగ్గర మార్చుకోవచ్చు కదా అంటే, మార్చుకోవచ్చు, కానీ చాకిరీ ఉంది. ఒక్కో మెటీరియల్ డిస్క్ మీద తన పొర తాను వేస్తుంది. ఒకదాని పొర మీద ఇంకోటి వేస్తే పట్టు తగ్గుతుంది, వణుకు వస్తుంది. మార్చిన ప్రతిసారీ డిస్కును గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బెడ్డింగ్ (ప్యాడ్‌ను డిస్కుకు అలవాటు చేసే పని, కింద చెప్పాం) చేయాలి. పట్టుబట్టి చేసేవాళ్లు డిస్కులు కూడా రెండు జతలు పెట్టుకుంటారు.

వెనక డ్రమ్ముల్ని మార్చలేదు. ముందు ప్యాడ్ పట్టు బాగా పెంచి వెనక అలాగే వదిలేస్తే ముందు చక్రాలు తొందరగా లాక్ అవబోతాయి, ఆ లాక్‌ను ఆపే ఏబీఎస్ ముందే లేస్తుంది. 0.5 పైన ఉండే ప్యాడ్ వద్దనడానికి ఇదీ ఒక కారణం. అసలు మామూలు ప్యాడ్‌తోనే ఏబీఎస్ లేస్తున్నప్పుడు ఆగే దూరాన్ని తగ్గించేది టైరు, ప్యాడ్ కాదు. ప్యాడ్ చేసేదల్లా పదో ల్యాప్‌లోనూ మొదటి ల్యాప్‌లాగే ఆపడం.

బిగింపు

కొత్త డిస్కులు సాదావే వేశాం. తూట్లున్న డిస్కులు చూడ్డానికి బాగుంటాయి, ట్రాక్ వేడికి ఆ తూట్ల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. హబ్ ముఖం మీద తుప్పును వైర్ బ్రష్‌తో పూర్తిగా తీయాలి. అక్కడ వెంట్రుకంత పెచ్చు మిగిలినా డిస్క్ అంచు దగ్గర అది ఊగుగా తేలుతుంది. బిగించాక డయల్ గేజ్‌తో చూస్తే 0.03 మి.మీ. వచ్చింది. 0.05 దాటితే విప్పి మళ్లీ తుడవడమే.

చప్పుడు తగ్గించడానికి ప్యాడ్ వెనక అంటించిన రబ్బరు షిమ్ (పలచటి పొర) తీసేశాం. ట్రాక్ వేడికి ఆ జిగురు కరిగి, షిమ్ పక్కకు జారి ఇరుక్కుంటుంది. బదులుగా చప్పుడు పెరుగుతుంది, యజమానికి ముందే చెప్పాం. ప్యాడ్ చెవుల మీద పెయింట్ మందంగా ఉంటే ఆకురాయితో రెండు గీతలు గీయాలి. వేళ్లతో తోస్తే ప్యాడ్ దానంతట అది జారాలి, సుత్తి అవసరమైతే అది బిగుతే. గైడ్ పిన్నులు 30 న్యూటన్ మీటర్లు, చక్రం బోల్టులు 120. ట్రాక్‌లో మొదటి సెషన్ తర్వాత, చల్లారాక, బోల్టులు మళ్లీ టార్క్ రెంచితో చూసుకోవాలి.

బెడ్డింగ్

కొత్త ఇనప పెనాన్ని నూనెతో కాల్చి పదును చేసినట్టే ఇది. ప్యాడ్ మెటీరియల్ పలచటి పొరగా డిస్క్ మీద సమంగా అంటుకోవాలి. 60 నుంచి 10కి మధ్యస్థంగా ఎనిమిది సార్లు, ఎక్కడా పూర్తిగా ఆగకుండా. తర్వాత 100 నుంచి 20కి గట్టిగా, ఏబీఎస్ లేవకుండా, ఎనిమిది సార్లు. ఘాటు వాసన వస్తుంది, ఒక్కోసారి కొంచెం పొగ కూడా. ఆ తర్వాత పది నిమిషాలు బ్రేక్ తాకకుండా తిరగాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద 100 నుంచి 20కి తొక్కుదామని మాత్రం అనుకోవద్దు, వెనక లారీవాడికి మీ బెడ్డింగ్ సంగతి తెలియదు. ఈ బండికి మొదటి దశ తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద చేసి, రెండో దశను ట్రాక్ డే మొదటి సెషన్‌కు వదిలేశాం.

ఫలితం, తర్వాత వచ్చిన గొడవ

20 నిమిషాల సెషన్లు నాలుగు. పెడల్ ఎత్తు మారలేదు, పట్టు తగ్గలేదు. పెయింట్ మళ్లీ 560 దాటినట్టే చూపించింది. కొందరికిది వింతగా తోస్తుంది. మంచి ప్యాడ్ వేడిని తగ్గించదు, తట్టుకుంటుందంతే. నమ్మకం కుదిరాక డ్రైవర్ ఇంకా ఆలస్యంగా తొక్కుతాడు కాబట్టి వేడి పెరగవచ్చు కూడా. అందుకే ప్యాడ్ మార్చాక ఆయిల్ పాతదే ఉంచితే ముప్పు ఎక్కువవుతుంది.

తిరుగు ప్రయాణంలో నెల్లూరు దాటాక 90 పైన బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణికింది. "కొత్త డిస్కులు వంగిపోయినయన్నా" అని ఫోను. ఊగు కొలిస్తే 0.03, బిగించిన రోజున్నంతే. డిస్కును వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే అసలు విషయం కనబడింది. ప్యాడ్ ఆకారంలోనే ఒక నల్లటి ముద్ర, నాలుగు అంచులతో సహా, అచ్చు గుద్దినట్టు. చివరి సెషన్ నుంచి నేరుగా పిట్‌లోకి వచ్చి, బండి డ్రైవ్‌లోనే ఉంచి, బ్రేక్ మీద కాలు పెట్టుకుని మాట్లాడుతూ నిలబడ్డాడట. మండుతున్న ప్యాడ్ ఆ ఒక్కచోట మెటీరియల్ వదిలేసింది. మందం తేడా మైక్రాన్లలోనే ఉంటుంది, స్టీరింగ్‌లో మాత్రం తెలిసిపోతుంది. అలాగే వదిలేస్తే ఆ ముద్ర కింద ఇనుము మిగతాచోట్ల కన్నా వేడెక్కి గట్టిపడుతుంది, ఆ గట్టి మచ్చ లేత్ మీద పైపైన చెక్కించినా మళ్లీ లేస్తుంది. ఇంకా అంతదూరం రాలేదు కాబట్టి డిస్క్ రెండు ముఖాలూ, ప్యాడ్ ముఖాలూ 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది, బెడ్డింగ్ మొదటి నుంచి చేశాం. వణుకు పోయింది.

అప్పట్నుంచి సెషన్ చివరి ల్యాప్ బ్రేక్ వాడకుండా నెమ్మదిగా తిరగడం, పిట్‌లో పార్క్‌లో పెట్టి చక్రం కింద రాయి వేయడం, హ్యాండ్ బ్రేక్ లాగకపోవడం అలవాటు చేసుకున్నాడు.

మిగిలిన ఇబ్బందులు చిన్నవి. పొద్దున మొదటి సిగ్నల్ దగ్గర కీచుమంటుంది. అలాయ్ చక్రాల మీద పడే నల్లటి పొడిలో ఇనుము ఉంటుంది, వానకి తడిస్తే తుప్పు చుక్కలై అంటుకుంటుంది, వారం లోపల కడిగేయాలి. ప్యాడ్ మెటీరియల్ సగానికి తగ్గాక రోడ్డు మీద ఇంకా చాలా కాలం వస్తుంది, ట్రాక్‌కు మాత్రం పనికిరాదు. ప్యాడ్ పలచబడ్డ కొద్దీ వేడి పిస్టన్‌కు తొందరగా చేరుతుంది.

రోడ్డు అనుమతి విషయం కూడా యజమానికి చెప్పాం. యూరప్‌లో రోడ్డు ప్యాడ్లకు ఆర్90 అనే నిబంధన ఉంది. కంపెనీ ప్యాడ్‌తో పోలిస్తే పనితీరు 15 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదు, ఆ గుర్తు బ్యాక్ ప్లేట్ మీద గుద్ది ఉంటుంది. ట్రాక్ డే తరగతిలో చాలా ప్యాడ్ల మీద ఆ గుర్తు కనబడదు.

మూడు ట్రాక్ డేలు, సుమారు 9 వేల కి.మీ. తర్వాత కొలతలు: ముందు ప్యాడ్లు కుడివైపు 8.2, 8.0, ఎడమవైపు 8.1, 7.8 మి.మీ. ఏటవాలు అరుగుదల 0.3 లోపే. డిస్క్ 21.6. వచ్చే ట్రాక్ డే లోపల ముందు చక్రాలు ఒక్కోదాని నుంచి 100 మి.లీ. ఆయిల్ తీసి కొత్తది పోయాలి, పిస్టన్ దుమ్ము రబ్బర్లు చూడాలి. కుడి పక్కది వేడికి అంచున పొక్కింది, దాన్ని మార్చాలి.